నోట్సు ఇల్లు మారేటప్పుడు

అందరికీ నమస్కారం.

కొన్నాళ్ల కిందట నాకొక ఈమెయిల్ వచ్చింది. పదకొండేళ్లుగా వాడుతున్న నోట్స్ యాప్ వాళ్లు పంపారు. "మీకు మరింత మెరుగైన సేవ అందించడం కోసం మా సర్వర్లన్నిటినీ ఒక పేరున్న క్లౌడ్ సంస్థకు తరలిస్తున్నాం. ఇందుకోసం మీరు చేయాల్సిందేమీ లేదు." అంతే, నాలుగు పంక్తులు. ఇలాంటివి మీకూ వచ్చే ఉంటాయి, చదవకుండానే తీసేసి ఉంటారు. మామూలుగా అయితే నేనూ తీసేసేవాణ్నే. ఎందుకో ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. నా సామాను ఇంకొకరి ఇంటికి చేరుస్తూ, నేను చేయాల్సిందేమీ లేదంటున్నారు. అసలక్కడ నా సామాను ఏముంది?

ఆ రాత్రి యాప్ తెరిచి, అన్నిటికంటే పాత నోట్ దగ్గర్నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో. అమ్మకు రాసిచ్చిన మందుల చీటీ, ఏ మందు పడలేదో, దేనికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయో. బ్యాంకు వాళ్లతో ఫోన్లో మాట్లాడుతూ గబగబా గీకిన అంకెలు. ఉద్యోగం మానెయ్యాలా వద్దా అని రెండు వరసల్లో వేసుకున్న లెక్క. ఇంకాస్త ముందుకొస్తే, అన్నయ్యకు రాసి పంపని ఉత్తరం. కోపంలో రాశాను. మర్నాటికి కోపం చల్లారింది, ఉత్తరం మాత్రం యాప్‌లో ఉండిపోయింది. అది ఉందన్న సంగతే నేను మరిచిపోయాను. సర్వరు మరిచిపోలేదు.

ఈమెయిల్‌కైనా చాట్‌కైనా అవతల ఒక మనిషి ఉంటాడు. ఆ ఎరుక ఉంటుంది కాబట్టి మాట తూచి రాస్తాం. నోట్‌కు అవతల ఎవరూ ఉండరు. లోలోపల అనుకునే మాటకు కాస్త అక్షరరూపం, అంతే. సగంలో ఆగిన ఆలోచన, తప్పిన లెక్క, రేపటికి మారిపోయే అభిప్రాయం, ఎవరికీ చెప్పుకోలేని భయం, అన్నీ అందులోనే ఉంటాయి. అందుకే నోట్స్ యాప్‌ను నేను మిగతా యాప్‌ల కంటే గట్టిగా నిలదీస్తాను. మూడో కంటికి తెలియకూడదని రాసుకున్నది మూడో కంటి దగ్గరికి వెళ్తోందంటే, చేయాల్సిందేమీ లేదన్న మాట నాకు సమాధానం కాదు.

ఇంతకీ జరిగేదేమిటి? ఒకప్పుడు చాలా యాప్ కంపెనీలకు సొంత సర్వర్లు, అంటే మన సమాచారం ఉంచే కంప్యూటర్లు, ఉండేవి. డేటా సెంటర్లో కొంత చోటు తీసుకుని, యంత్రాలు తామే కొని బిగించుకునేవి. వాడేవాళ్లు లక్షలు దాటి కోట్లలోకి వెళ్లేసరికి ఆ యంత్రాలను సాకడమే పెద్ద పనైపోతుంది. అప్పుడు అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ లాంటి వాళ్ల దగ్గర కంప్యూటర్లను, నిల్వ స్థలాన్ని అద్దెకు తీసుకుంటాయి. క్లౌడ్ అంటే ఇదే. మనకు తెలిసిన యాప్ పేరు అదే, రంగు అదే, లాగిన్ అదే. లోపల మాత్రం ఇల్లుగలవాడు మారిపోతాడు.

ఈ మాట వినగానే, గూగుల్ వాడు నా నోట్సు చదివేస్తాడా అన్నదే అందరికీ వచ్చే మొదటి భయం. నాకూ అదే వచ్చింది. అయితే దాని దగ్గరే ఆగిపోతే అసలు సంగతి చెయ్యి జారిపోతుంది. నేను ఇరవై ఏళ్లకు పైగా సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాను. సొంత సర్వర్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. నేను మొదట చేరిన చిన్న కంపెనీలో సర్వర్ గది తాళంచెవి మేనేజర్ బల్ల పక్కన మేకుకు వేలాడేది. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకునేవాళ్లు. పాడైన హార్డ్ డిస్కులను ధ్వంసం చేయించాలని మాకొక నియమం ఉండేది. ఆ డిస్కులు రెండేళ్లపాటు బల్ల కింద అట్టపెట్టెలో పడి ఉన్నాయి. ఒకరోజు కాలికి తగిలితే పెట్టె తెరిచి చూశాను. పదిహేడు డిస్కులు. వాటి మీద ఉన్నది మా ఖాతాదారుల సమాచారం. ఏదీ ఎన్‌క్రిప్ట్ చేసింది, అంటే తాళంచెవి లేనివాళ్లు చదవలేని గుర్తులుగా మార్చింది, కాదు. ఎవరైనా రెండు జేబులో వేసుకుని వెళ్లిపోయినా లెక్క చెప్పేవాళ్లు లేరు.

అందుకని పెద్ద క్లౌడ్‌కు వెళ్లడమే ద్రోహం అని నేననను. పెద్ద క్లౌడ్ సంస్థల డేటా సెంటర్లలో కాపలా పటిష్ఠంగా ఉంటుంది, లోపాలకు మరమ్మతులు త్వరగా పడతాయి. గూగుల్ క్లౌడ్‌లో డిస్కు మీద రాసే ప్రతి అక్షరం ఎవరూ అడగకపోయినా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. నా అట్టపెట్టెతో పోలిస్తే అది కోట. కానీ కోటలో పెట్టినంత మాత్రాన వస్తువు మీ అధీనంలో ఉన్నట్టా?

ఇక్కడ ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ సంగతి చెప్పాలి. ఈ విషయంలో అంతకంటే పాఠం చెప్పే ఉదంతం నాకు కనపడలేదు. 2011లో ఆ కంపెనీ తన డేటా రక్షణ సూత్రాలు మూడని ప్రకటించింది: మీ సమాచారం మీదే, దానికి రక్షణ ఉంటుంది, కావాలంటే దాన్ని తీసుకుని మీరు వెళ్లిపోవచ్చు. చక్కని మాటలు. 2013 మార్చిలో హ్యాకర్లు చొరబడి యూజర్ పేర్లు, ఈమెయిళ్లు, ఎన్‌క్రిప్ట్ చేసిన పాస్‌వర్డులు పట్టుకుపోతే, దాదాపు 5 కోట్ల మంది పాస్‌వర్డులను కంపెనీ ఒక్కసారిగా మార్పించింది. గమనించండి, అప్పటికి వాళ్లవి సొంత సర్వర్లే. 2016 సెప్టెంబరులో సొంత డేటా సెంటర్లు వదిలేసి గూగుల్ క్లౌడ్‌కు మారుతున్నట్టు ప్రకటించారు. అప్పటికి వాడేవాళ్లు 20 కోట్లు, నోట్సు 500 కోట్లు. మొత్తం 3 పెటాబైట్ల, అంటే 30 లక్షల గిగాబైట్ల, సమాచారాన్ని సుమారు 70 రోజుల్లో తరలించారు. సాంకేతికంగా గొప్ప పని, ఆ పనిలో ఉన్నవాణ్నిగా మనసారా మెచ్చుకుంటాను. అప్పుడు అందరి కళ్లూ గూగుల్ మీదే. వాడు చదువుతాడా, ప్రకటనలకు వాడుకుంటాడా అని.

ఆ డిసెంబరులో దెబ్బ ఎటునుంచి వచ్చిందంటే, సొంతింటి నుంచి. ఎవర్‌నోటే తన ప్రైవసీ పాలసీ మారుస్తున్నట్టు చెప్పింది. 2017 జనవరి 23 నుంచి అమలు. మెషీన్ లెర్నింగ్, అంటే సమాచారం చూసి యంత్రం తానే నేర్చుకునే పద్ధతి, సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి తమ ఉద్యోగులు కొందరు వాడకందార్ల నోట్సు చూడవచ్చు అని అందులో ఉంది. జనం భగ్గుమన్నారు. చాలామంది ఖాతాలు మూసేసుకుంటామన్నారు. కొద్ది రోజుల్లోనే కంపెనీ క్షమాపణ చెప్పుకుని, మీరు స్వయంగా ఒప్పుకుంటే తప్ప మా వాళ్లెవరూ చదవరని ఆ మార్పును వెనక్కి తీసుకుంది.

ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. గూగుల్ క్లౌడ్‌కు వెళ్లడానికి ఎవర్‌నోట్ చెప్పిన కారణాల్లో గూగుల్ దగ్గరున్న మెషీన్ లెర్నింగ్ సామర్థ్యం కూడా ఒకటి. నోట్సులో ఉన్నది యంత్రానికి అర్థమైతే కొత్త సదుపాయాలు ఇవ్వచ్చు. అది పనిచేస్తోందో లేదో తెలియాలంటే మనిషి చూడాలి. ఇందులో దురుద్దేశం వెతకక్కర్లేదు. పనిలో ఉన్నవాడికి చాలా సహజంగా వచ్చే ఆలోచన అది. తాళంచెవి చేతిలో ఉన్నప్పుడు, తలుపు తీసి చూడటానికి మంచి కారణం ఎప్పుడూ దొరుకుతుంది. అదే నాకు భయం.

అందుకని ఈ రోజు మీకు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే: నోట్సు ఎవరింట్లో ఉన్నాయని అడిగేముందు, తాళంచెవి ఎవరి దగ్గరుందని అడగండి.

ఎన్‌క్రిప్షన్ అన్న మాటను కంపెనీలు ఒక్క అర్థంలో వాడవు. మీ ఫోన్ నుంచి సర్వర్ దాకా దారిలో ఎవరూ చదవకుండా చేసేది ఒకటి. సర్వర్ డిస్కు మీద పడ్డాక, ఆ డిస్కును ఎవరైనా ఎత్తుకెళ్లినా అర్థం కాకుండా చేసేది ఇంకొకటి. ఈ రెండూ ఇవాళ దాదాపు అందరూ చేస్తారు. అయితే ఈ రెంటిలోనూ మధ్యలో యాప్ కంపెనీ సర్వరు మీ నోట్‌ను విప్పి చూడగలదు. మూడోది వేరు. మీ ఫోన్లోనే నోట్‌కు తాళం పడుతుంది, మీ ఇంకో పరికరంలోనే అది తెరుచుకుంటుంది. కంపెనీ దగ్గరున్నదీ, దాని ఇంటివాడి దగ్గరున్నదీ అర్థంలేని అక్షరాల గుట్ట మాత్రమే. దీన్నే ఎండ్ టు ఎండ్ అంటారు. స్టాండర్డ్ నోట్స్ అనే యాప్ మొదట్నుంచీ ఇలాగే పనిచేస్తుంది. జోప్లిన్ అనే ఇంకో యాప్‌లో మీరు ఆ సదుపాయాన్ని పెట్టుకోవాలి. అబ్సిడియన్ అనే యాప్‌లో నోట్సు అసలు మీ కంప్యూటర్లోనే మామూలు ఫైళ్లుగా ఉంటాయి.

"మేం 256 బిట్ల ఎన్‌క్రిప్షన్ వాడతాం, బ్యాంకుల స్థాయి భద్రత" అని రాసి ఉంటే మురిసిపోకండి. తాళం ఎంత పెద్దదో చెప్పారు, చెవి ఎవరి దగ్గరుందో చెప్పలేదు.

మీ యాప్ ఏ రకమో తెలుసుకోవడానికి మాన్యువల్ చదవక్కర్లేదు. నేను చేసిన పరీక్ష చెబుతాను. నా యాప్‌ను ఎన్నడూ తెరవని ఒక స్నేహితుడి ల్యాప్‌టాప్ తీసుకున్నాను. లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ మరిచిపోయాను అన్న లింకు నొక్కాను. ఈమెయిల్‌కు లింకు వచ్చింది, కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. రెండు క్షణాల్లో నా నోట్సన్నీ తెర మీద పరుచుకున్నాయి, అన్నయ్యకు రాసిన ఉత్తరంతో సహా. పాత పాస్‌వర్డ్ నేను ఎక్కడా కొట్టలేదు. నా ఫోన్ పక్కగదిలో ఆఫ్ చేసి ఉంది. అంటే నాకు మాత్రమే తెలిసిన రహస్యమేదీ అవసరం లేకుండానే ఆ సర్వరు నా నోట్సును విప్పగలిగింది. నాకోసం విప్పింది సరే. ఇంకెవరు అడిగినా విప్పగలదు కదా.

అక్కడితో ఆగలేదు. అమ్మ మందు పేరు వెతుకుడు పెట్టెలో కొట్టాను. మందుల చీటీ ఫొటో వచ్చింది. నేనా పేరు ఎక్కడా టైపు చేసి ఉండలేదు. ఫొటోలో ఉన్న అక్షరాలను సర్వరు ఎప్పుడో చదివి, పట్టిక కట్టి పెట్టుకుంది. ఎంత ఉపయోగమో చూడండి, అదే సమయంలో ఎంత బయలుగా ఉన్నామో కూడా. కంపెనీలు చెవిని మనకే వదిలెయ్యకపోవడానికి సగం కారణం ఇదే. సర్వర్ వైపు వెతుకులాట, ఫొటోల్లో అక్షరాలు గుర్తించడం, ఇప్పుడు కొత్తగా నోట్సును సంగ్రహించి చెప్పే ఏఐ సదుపాయాలు, వీటన్నిటికీ సర్వరు చదవగలగాలి. పైగా చెవి మన దగ్గరే ఉంటే, మనం పోగొట్టుకుంటే ఎవరూ తీయలేరు. పదేళ్ల నోట్సు గంగపాలు. అది చిన్న నష్టం కాదు. అందుకే చెవి ఎవరి దగ్గర ఉండాలన్నది మనల్ని అడిగి తేల్చాల్సిన విషయం అంటాను, నాలుగు పంక్తుల మెయిల్‌తో తేల్చేది కాదు.

చెవికీ చోటుకీ ఉన్న తేడా ఇంకా బాగా తెలియాలంటే ఆపిల్ పరికరాల్లోని ఫైళ్లు, ఫొటోలు దాచిపెట్టే ఐక్లౌడ్‌ను చూడండి. ఆపిల్ తన భద్రతా పత్రాల్లో తానే రాసుకుంది: ఫైళ్లను ముక్కలు చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ ముక్కలను తన దగ్గరా బయటి నిల్వ సంస్థల దగ్గరా పెడుతుంది. చెవులు మాత్రం తన దగ్గరే. బయటి సంస్థకు ఆ ముక్క ఎవరిదో కూడా తెలియదు. మూడో మనిషి ఇంట్లో సామాను ఉన్నా ఫరవాలేదనడానికి ఇది మంచి ఉదాహరణ. అదే ఆపిల్ 2018 ఫిబ్రవరి 28న చైనా ఖాతాల ఐక్లౌడ్ నిర్వహణను అక్కడి గుయిజౌ రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన ఒక సంస్థకు అప్పగించింది. ఆ ఖాతాల చెవులు మొదటిసారిగా చైనాలోనే ఉంచాల్సి వచ్చింది. చెవులు మా అధీనంలోనే ఉన్నాయని ఆపిల్ అంది. కానీ అక్కడి అధికారులు ఇక అమెరికా కోర్టుల గడప తొక్కే పని లేకుండా అక్కడి చట్టం కింద నేరుగా అడగొచ్చు. యాప్ అదే, ఎన్‌క్రిప్షన్ అదే. చెవి దేశం మారింది, దానితో పాటు దాన్ని అడగగలిగే చెయ్యీ మారింది.

2022 డిసెంబరులో ఆపిల్ మరో అడుగు వేసి, కావాలనుకున్నవాళ్లకు నోట్సుతో సహా చాలావాటిని ఎండ్ టు ఎండ్ చేసే సదుపాయం తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో దాన్ని కొత్తగా ఎవరూ పెట్టుకోకుండా ఆపేయాల్సి వచ్చింది. సమాచారం తమకు అందేలా చేయాలని అక్కడి ప్రభుత్వం రహస్య ఉత్తర్వు ఇచ్చిందన్న వార్తల తర్వాత జరిగిందది. ప్రభుత్వాలకు కావలసింది కూడా చెవే అని దీన్నిబట్టి అర్థమవుతుంది.

చట్టం గురించి ఎక్కువ చెప్పను, ఒక్క ముక్క మాత్రం. అమెరికా కంపెనీ చేతిలో ఉన్న సమాచారం ప్రపంచంలో ఏ మూల సర్వర్లో ఉన్నా సరే, సరైన ఉత్తర్వు వస్తే ఇవ్వాల్సిందేనని 2018 మార్చిలో వచ్చిన క్లౌడ్ యాక్ట్ అనే అమెరికా చట్టం అంటుంది. ఐర్లాండ్ సర్వర్లో ఉన్న ఈమెయిళ్లను అమెరికా ప్రభుత్వానికి ఇవ్వనంటూ మైక్రోసాఫ్ట్ నాలుగేళ్లకు పైగా చేసిన కోర్టు పోరాటం దానితో ముగిసింది. కాబట్టి "మీ సమాచారం ఫలానా దేశంలో ఉంటుంది" అన్న హామీకి మీరనుకునేంత బలం లేదు. ఐరోపాలో 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కొంత మేలు. సమాచారం ఎవరెవరికి ఇస్తున్నారో చెప్పాలి, పని అప్పజెప్పించుకున్న సంస్థ దాన్ని ఇంకొకరికి అప్పజెప్పాలంటే రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. దాని పుణ్యమా అని చాలా కంపెనీలు ఇప్పుడు తమ వెనక ఉన్న సంస్థల జాబితాను బయట పెడుతున్నాయి. వెతికి చదవండి. మీరనుకున్న మూడో కన్ను ఒక్కటే ఉండదు, పది దాకా ఉంటాయి.

దొంగల సంగతి. 2019లో క్యాపిటల్ వన్ అనే అమెరికా బ్యాంకుకు చెందిన 10 కోట్ల మందికి పైగా సమాచారం అమెజాన్ క్లౌడ్ నుంచి పోయింది. బయటివాళ్లను లోపలికి రాకుండా ఆపే ఫైర్‌వాల్‌ను తప్పుగా అమర్చుకున్నది బ్యాంకే. ఇంటివాడు గోడ కట్టిస్తాడు, గడియ పెట్టుకోవాల్సింది అద్దెకున్నవాడు.

దానికంటే మన విషయానికి దగ్గరిది లాస్ట్‌పాస్. పాస్‌వర్డులు, రహస్య నోట్సు దాచుకునే సేవ అది. 2022లో దొంగలు, బయటి క్లౌడ్‌లో ముందుజాగ్రత్తగా ఉంచిన దాని బ్యాకప్‌ను కాపీ చేసుకుపోయారు. ఆ నిల్వను తెరిచే చెవులు కంపెనీలో నలుగురు ఇంజనీర్ల దగ్గరే ఉండేవి. దొంగలు క్లౌడ్ గోడలు బద్దలుకొట్టలేదు. ఆ నలుగురిలో ఒకరి ఇంటి కంప్యూటర్లో ఉన్న ఒక పాత సాఫ్ట్‌వేర్ లోపం గుండా వచ్చారు. అంత జరిగినా పాస్‌వర్డులు, నోట్సు వెంటనే బయటపడలేదు. ఎందుకంటే వాటి మీద రెండో తాళం ఉంది, దాని చెవి వాడేవాళ్ల మాస్టర్ పాస్‌వర్డ్‌లో, అంటే అన్నిటినీ తెరిచే ఒక్క పాస్‌వర్డ్‌లో, ఉంది. ఆ పాస్‌వర్డ్ బలంగా ఉన్నవాళ్లు నిలబడ్డారు. అయితే వెబ్‌సైట్ల చిరునామాలకు మాత్రం ఆ తాళం వేయలేదు. ఎవరికి ఏ ఆసుపత్రిలో, ఏ అప్పుల సైటులో ఖాతా ఉందో ఆ చిరునామాలే చెప్పేస్తాయి. నోట్స్ యాప్‌ల విషయంలోనూ ఇది అడగండి: నోట్ లోపలిదానికి తాళం వేశారు సరే, శీర్షికకు, ట్యాగులకు, తేదీకి, రాసిన చోటుకు వేశారా? "లాయరుతో విడాకుల మాట" అన్న శీర్షిక కనపడ్డాక లోపల ఏముందో చదవక్కర్లేదు.

ఇక ఇల్లు మారేటప్పుడు ఎవరూ అడగనిది ఒకటుంది. కొత్తింటి గురించి అందరూ అడుగుతారు. పాతింట్లో మిగిలినవాటి గతేమిటి? పాత డిస్కులు, వాటి బ్యాకప్‌లు, బ్యాకప్‌ల బ్యాకప్‌లు? నాకు ఆ అట్టపెట్టె ఇప్పటికీ కళ్లముందు కదులుతుంది. కొత్తచోటైనా అంతే, తొలగించు అని నొక్కగానే పోయేది తెర మీంచే. గూగుల్ క్లౌడ్ తన పత్రాల్లోనే, తొలగించిన సమాచారం అన్ని వ్యవస్థల్లోంచీ పోవడానికి సుమారు 180 రోజులు పట్టవచ్చని చెబుతుంది. చెప్పినందుకు మెచ్చుకోవాలి. యాప్ కంపెనీ సొంతంగా ఉంచుకునే బ్యాకప్‌లు దాని మీద అదనం.

నేనేం చేశానో చెప్పి ముగిస్తాను. ఆ కంపెనీకి మెయిల్ రాశాను. నా నోట్సు తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, మీ సిబ్బందిలో ఎవరు తెరవగలరు, తెరిస్తే అది ఎక్కడైనా నమోదవుతుందా, పాత సర్వర్లలోని కాపీలు ఎప్పటికి పోతాయి. మొదట "మీ భద్రతే మా ప్రాధాన్యం" అని వచ్చింది. మళ్లీ రాశాను, ప్రైవసీ పాలసీ లింకు పంపారు. మూడోసారి రాస్తే ఎవరో ఇంజనీరు జవాబిచ్చినట్టున్నాడు: "నిల్వలో ఎన్‌క్రిప్ట్ చేస్తాం. చెవులు మా దగ్గరే ఉంటాయి. అవసరమైనప్పుడు అనుమతి ఉన్న కొద్దిమంది సిబ్బంది తెరవగలరు, తెరిచినప్పుడు నమోదవుతుంది." నాకు కోపం రాలేదు, చాలా ఊరట కలిగింది. నిజం చెప్పారు. ఆ నిజాన్ని బట్టి ఏది అక్కడ ఉంచాలో, ఏది ఉంచకూడదో నేను తేల్చుకోగలను.

ఒక ఆదివారమంతా కూర్చుని నలభై రెండు నోట్సు బయటికి తీశాను. పాస్‌పోర్టు, బ్యాంకు అంకెలు, అమ్మ చీటీలు చెవి నా దగ్గరే ఉండే యాప్‌లోకి వెళ్లాయి. దాన్ని తెరిచే పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి కవరులో పెట్టి మా చెల్లికి ఇచ్చాను. పుస్తకాల పేర్లు, కొనాల్సిన వస్తువుల జాబితాలు, మీటింగుల నోట్సు పాతచోటే ఉన్నాయి, ఆ యాప్ ఇప్పటికీ రోజూ వాడుతున్నాను. అన్నయ్యకు రాసిన ఉత్తరం తొలగించాను. పాత సర్వర్ల బ్యాకప్‌లలోంచి అది ఏ తేదీకి పోతుందని అడిగాను. నాలుగు ప్రశ్నల్లో దానికొక్కదానికే ఇంకా జవాబు రాలేదు. మళ్లీ రాశాను.

ఇక మీరు అడగండి.